సంకోచం వెనుక ఉన్న లెక్క: సొంత వ్యాపారంపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. సొంతంగా వ్యాపారం మొదలుపెట్టాలా వద్దా అనే నిర్ణయంలో తాము స్త్రీ కావడం లేదా పురుషుడు కావడం ఎంతవరకు పనిచేస్తోందన్నదే రాసినవారి సందేహం. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను. మొదటి జవాబు పొడవుగా ఉంటుంది. మిగిలిన ప్రశ్నలకు మూలం అందులోనే ఉన్నందున దానిని కుదించడానికి మనసు ఒప్పలేదు.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. పదకొండేళ్లుగా ఒక సంస్థలో జమాఖర్చుల విభాగం చూస్తున్నాను. చిన్న వ్యాపారులకు లెక్కలు రాసిపెట్టే పనిని సొంతంగా మొదలుపెట్టాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను. నా దగ్గరే పని నేర్చుకున్న ఒక సహోద్యోగి, నాకన్నా ఆరేళ్లు చిన్నవాడు, నిరుడు ఉద్యోగం మానేసి అదే పని ప్రారంభించాడు. అతను వారం రోజుల్లో నిర్ణయం తీసుకున్నాడు. నేను ఇంకా కాగితం మీద లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. "ఆడవాళ్లకు స్వభావంలోనే తెగింపు తక్కువ" అని మా పైఅధికారి ఒకసారి అన్నారు. అప్పుడు కోపం వచ్చింది గాని, నన్ను నేను చూసుకుంటే ఆ మాట నిజమేనేమో అనిపిస్తోంది. ఇది స్వభావమేనా? మార్చుకోగలిగినదేనా?
(పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు)

జవాబు: మీ పైఅధికారి మాటలో ఒక పాలు నిజం ఉంది, కాని దాని నుంచి ఆయన తీసిన తీర్పు తప్పు. ఈ రెండింటినీ విడదీసి చెబుతాను.

అమెరికాలోని బాబ్సన్ కళాశాల, బ్రిటన్‌లోని లండన్ బిజినెస్ స్కూల్ కలిసి 1999లో గ్లోబల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ మానిటర్ అనే సర్వేను ప్రారంభించాయి. ఏటా అనేక దేశాలలో వయోజనులను ప్రశ్నించి, వారిలో ఎంతమంది వ్యాపారం మొదలుపెట్టే ప్రయత్నంలో ఉన్నారో ఆ సర్వే నమోదు చేస్తుంది. అత్యధిక దేశాలలో స్త్రీల శాతం పురుషుల శాతం కన్నా తక్కువగానే ఉంటూ వచ్చింది. అయితే ఆ తేడా అన్ని దేశాలలో ఒకే తీరుగా లేదు. కొన్నిచోట్ల చాలా ఎక్కువ, కొన్నిచోట్ల దాదాపు లేనట్టే. పుట్టుకతో వచ్చిన స్వభావమే అసలు కారణమైతే, సరిహద్దు దాటగానే అది ఇంతగా మారిపోవడానికి వీలులేదు.

తెగింపు విషయానికి వస్తే, ఆర్థికవేత్తలు రేచెల్ క్రోసన్, యూరి నీజీ అప్పటివరకు జరిగిన ప్రయోగాల ఫలితాలను సమీక్షిస్తూ 2009లో ఒక వ్యాసం ప్రచురించారు. డబ్బు పందెం వంటి పరీక్షలలో స్త్రీలు సగటున పురుషుల కన్నా నష్టాన్ని ఎక్కువగా తప్పించుకోజూస్తారని అందులో ఉంది. మీ పైఅధికారి మాటలోని నిజం అంతవరకే. అదే వ్యాసంలో, నిర్వహణ బాధ్యతలలో ఉన్నవారి దగ్గరకు, వృత్తి నిపుణుల దగ్గరకు వచ్చేసరికి ఈ తేడా బాగా తగ్గుతుందని, ఒక్కోసారి కనిపించనే కనిపించదని కూడా రాశారు. పైగా సగటు అనేది ఒక సమూహం గురించిన మాట. స్త్రీల కొలతలను, పురుషుల కొలతలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలామేరకు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కాబట్టి, ఒక మనిషి స్త్రీ అని తెలిసినంత మాత్రాన ఆమెకు తెగింపు ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. పదకొండేళ్లు ఒక సంస్థ డబ్బుకు బాధ్యత వహించిన మీ గురించి ఆ సగటు చెప్పగలిగేది మరీ తక్కువ.

మీ సందేహానికి ఇంతకన్నా దగ్గరి కారణం మరొకటి ఉందని నా అభిప్రాయం. పని చేయగల సామర్థ్యం వేరు, ఆ పని చేయగలనన్న నమ్మకం వేరు అని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే వివరించారు. మనిషి ఒక పనికి పూనుకుంటాడా లేదా అన్నది చాలావరకు ఆ నమ్మకం మీద ఆధారపడుతుందని ఆయన సిద్ధాంతం. 17 దేశాల సర్వే సమాచారాన్ని పరిశీలించి నాన్ లాంగోవిట్జ్, మరియా మినిటి 2007లో ప్రచురించిన పరిశోధనలో, స్త్రీలు తమ సామర్థ్యాన్నీ తమ చుట్టూ ఉన్న అవకాశాలనూ పురుషుల కన్నా తక్కువగా అంచనా వేసుకుంటున్నారని, వ్యాపారం మొదలుపెట్టడంతో ఆ అంచనాకు గట్టి సంబంధం ఉందని తేలింది.

ఆ అంచనా ఎందుకు తగ్గుతుందో అర్థం చేసుకోవడానికి విశాల్ గుప్తా బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం నాకు బాగా ఉపయోగపడింది. వ్యాపారం చేసేవారికి ఏ లక్షణాలు ఉంటాయని అమెరికా, భారత్, టర్కీ దేశాల విద్యార్థులను అడిగితే, అబ్బాయిలూ అమ్మాయిలూ కూడా ఎక్కువగా మగవారికి ఆపాదించే లక్షణాలనే చెప్పారు. అవే లక్షణాలు తమలో ఉన్నాయని భావించినవారిలో, వారు ఎవరైనా సరే, వ్యాపారం చేయాలన్న ఉద్దేశం బలంగా కనిపించింది. మన మనసులో వ్యాపారి అనగానే దూకుడుగా మాట్లాడే, వెనక్కి తిరిగి చూడని మనిషి మెదులుతున్నంతకాలం, నెమ్మదిగా ఆలోచించే వ్యక్తి తనను తాను ఆ స్థానంలో ఊహించుకోలేదు. చెప్పిన రోజుకు పని అప్పగించడం, రావలసిన బాకీని మరచిపోకుండా మర్యాదగా అడగడం, ఎదుటివారి లెక్కలలోని గుట్టును బయటపెట్టకుండా ఉండటం మీరు చేయబోయే వ్యాపారానికి ప్రాణం. ఇవి మీకు ఇప్పటికే అలవాటైన పనులు.

ఇక మీ సహోద్యోగి సంగతి. అతను వారంలో తేల్చుకున్న ప్రశ్న, మీరు మూడేళ్లుగా తేల్చుకోలేని ప్రశ్న ఒకటేనని మీరు అనుకుంటున్నారు. నేను అలా అనుకోవడం లేదు. వ్యాపారం సాగకపోతే అతను తిరిగి ఉద్యోగానికి వెళ్లినప్పుడు "కొంత అనుభవం సంపాదించుకున్నాడు" అంటారు. మధ్యలో ఆగిన స్త్రీ తిరిగి వచ్చినప్పుడు అదే ఆదరణ దొరుకుతుందన్న భరోసా చాలాచోట్ల లేదు. ఇంటి పని, పిల్లల సంరక్షణ, పెద్దల ఆరోగ్యం ఎవరి వేళల నుంచి సమయాన్ని తీసుకుంటాయో కూడా ఇద్దరికీ ఒకటి కాకపోవచ్చు. నష్టం ఎక్కువగా ఉండే మనిషి ఎక్కువసేపు ఆలోచించడాన్ని పిరికితనం అనడం న్యాయం కాదు. మూడేళ్లుగా మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నారని మీ ఉత్తరంలో చదివి నాకు బాధ కలిగింది.

అయితే ఆలోచనకు ఒక ముగింపు ఉండాలి. అందుకు నా సలహా ఇది. నష్టభయాన్ని ఒకే ముద్దగా మనసులో పెట్టుకోకుండా కాగితం మీద మూడుగా విడదీయండి. ఆదాయం లేకుండా ఎన్ని నెలలు గడపగలరో, వ్యాపారం ఆగితే చేతి నుంచి పోయే సొమ్ము ఎంతో మొదటి దానిలో రాయండి. రోజులో ఎన్ని గంటలు నిజంగా మీ చేతిలో ఉంటాయో రెండవ దానిలో రాయండి, ఆ గంటల గురించి ఇంట్లోవారితో ముందే మాట్లాడి ఒప్పందానికి రండి. మాట పడవలసి వస్తుందేమోనన్న భయం మూడవది. దానికి అంకెలు ఉండవు, కాని విడిగా రాసి చూస్తే మిగిలిన రెండింటినీ అదే ఎంతగా పెంచి చూపించిందో మీకే తెలుస్తుంది. తరువాత, మీ ఉద్యోగ నిబంధనలు అనుమతిస్తే, ఇద్దరు ముగ్గురు ఖాతాదారుల పనిని సెలవు వేళల్లో ఆరు నెలలు చేసి చూడండి. వారు సమయానికి డబ్బు చెల్లించి, మరొకరిని మీ దగ్గరకు పంపితే, వ్యాపారం గురించి అంతకన్నా గట్టి సమాచారం మీకు ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఇంకొక మాట. శిక్షణకు వెళ్లే అవకాశం ఉంటే ఒంటరిగా వెళ్లకండి. అహ్మదాబాద్‌లో స్వయం ఉపాధి స్త్రీల కోసం నడిచే సహకార బ్యాంకు అయిన 'సేవా' బ్యాంకు ఖాతాదారులైన స్త్రీలకు రెండు రోజుల వ్యాపార శిక్షణ ఇచ్చి, కొందరిని ఒంటరిగా, కొందరిని ఒక స్నేహితురాలితో కలిసి రమ్మని ఆహ్వానించి, ఆ తేడాను ఎరికా ఫీల్డ్ బృందం కొలిచింది. 2016లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, స్నేహితురాలితో వచ్చినవారు వ్యాపారం కోసం ఎక్కువగా రుణం తీసుకున్నారు, వారి ఇంటి ఆదాయమూ పెరిగింది. ఒంటరిగా వచ్చినవారిలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఇచ్చిన పాఠం మాత్రం అందరికీ ఒకటే.

ప్రశ్న: నేను ఒక సాఫ్ట్‌వేర్ స్టార్టప్‌ను నడుపుతున్నాను. మదుపుదారుల ముందు మాట్లాడిన ప్రతిసారీ "ఖాతాదారులు వదిలి వెళ్లిపోతే ఏం చేస్తారు? పోటీదారులు మిమ్మల్ని దాటిపోతే?" అనే ప్రశ్నలే వస్తున్నాయి. నా తరువాత మాట్లాడిన యువకుడిని మాత్రం "ఐదేళ్లలో ఎంతవరకు ఎదగగలరు?" అని అడిగారు. ఇది నా భ్రమా? భ్రమ కాకపోతే నేను ఏం చేయాలి?
(ఒక యువ వ్యవస్థాపకురాలు)

జవాబు: మీరు గమనించినది భ్రమ కాదు. కొత్త సంస్థలు మదుపుదారుల ముందు తమ ప్రతిపాదనలు వినిపించే, న్యూయార్క్‌లో జరిగిన టెక్‌క్రంచ్ డిస్రప్ట్ పోటీలలో 2010 నుంచి 2016 వరకు మదుపుదారులకూ వ్యవస్థాపకులకూ మధ్య సాగిన ప్రశ్నోత్తరాలను డానా కాంజే బృందం ఒక్కొక్కటిగా విశ్లేషించింది. పురుషులను అడిగిన ప్రశ్నలలో 67 శాతం ఎదుగుదల గురించి, స్త్రీలను అడిగిన ప్రశ్నలలో 66 శాతం నష్టాన్ని ఎలా అడ్డుకుంటారన్న దాని గురించి ఉన్నాయి. ఎదుగుదల ప్రశ్నలు ఎదుర్కొన్న సంస్థలకు ఆ తరువాత చాలా ఎక్కువ పెట్టుబడి లభించింది. మహిళా మదుపుదారులు కూడా ఇదే తీరులో ప్రశ్నించడం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది, ఎందుకంటే ప్రశ్న వేసేవారిలో దురుద్దేశం లేకపోయినా, తాము అలా అడుగుతున్నామని వారికే తెలియకపోయినా ఇది జరుగుతోందని దానివల్ల అర్థమవుతుంది. 2014లో వెలువడిన మరొక ప్రయోగంలో ఒకే వ్యాపార ప్రతిపాదనను ఒకసారి పురుషుడి గొంతుతో, ఒకసారి స్త్రీ గొంతుతో వినిపిస్తే, దాదాపు 68 శాతం మంది పురుషుడి గొంతుతో విన్న ప్రతిపాదనకే పెట్టుబడి ఇస్తామన్నారు. మాటలలో ఒక్క అక్షరం తేడా లేదు.

మీరు చేయదగినది కూడా కాంజే అధ్యయనంలోనే ఉంది. నష్టం గురించి అడిగినప్పుడు మనం సహజంగా నష్టం గురించే సమాధానం చెబుతాము, దానితో సంభాషణ మొత్తం ఆ పరిధిలోనే ఉండిపోతుంది. అలా కాకుండా జవాబును ఎదుగుదల వైపు మళ్లించినవారు, మళ్లించనివారి కన్నా గణనీయంగా ఎక్కువ నిధులు సమకూర్చుకున్నారు. ఖాతాదారులు వెళ్లిపోతే ఏం చేస్తారని అడిగితే, ఇప్పటివరకు ఎంతమంది నిలిచారో ఒక్క వాక్యంలో అంకెతో చెప్పి, నిలిచినవారి ద్వారా కొత్తవారు ఎలా వస్తున్నారో, ఆ మార్గంలో రాబోయే రెండేళ్లలో సంస్థ ఎక్కడికి చేరుతుందో వివరించండి. అడిగిన ప్రశ్నను దాటవేసినట్లు మాత్రం ఉండకూడదు, మొదటి వాక్యం నేరుగా ప్రశ్నకే జవాబుగా ఉండాలి. ప్రశ్నలు అడిగే తీరును సరిదిద్దుకోవలసిన బాధ్యత నిజానికి మదుపుదారులది. ఆ భారాన్ని కూడా మీరే మోయవలసి రావడం అన్యాయమని ఒప్పుకుంటూనే ఈ సలహా ఇస్తున్నాను.

ప్రశ్న: నాకూ మా శ్రీమతికీ వేరువేరు చిన్న వ్యాపారాలు ఉన్నాయి. మేము కొంత సొమ్ము కూడబెట్టాము. "ఆడవాళ్ల వ్యాపారంలో పెట్టిన డబ్బు పెరగదు, నీ దానిలోనే పెట్టు" అని మా పెద్దలు అంటున్నారు. గతంలో ఆమె పేరున తీసుకున్న రుణం కూడా నా వ్యాపారానికే వాడాము. ఆమె వ్యాపారం మాత్రం అప్పటి నుంచీ ఉన్నచోటే ఉంది. పెద్దలు చెప్పినదే నిజమా?
(ఒక పాఠకుడు)

జవాబు: మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోని మూడవ వాక్యం తరువాత మీరే రాసుకున్నారు. అయినా వివరిస్తాను, ఎందుకంటే పరిశోధకులు కూడా కొంతకాలం మీ పెద్దల మాదిరిగానే పొరబడే పరిస్థితి వచ్చింది.

శ్రీలంకలో సురేశ్ డి మెల్, డేవిడ్ మెకెంజీ, క్రిస్టఫర్ వుడ్రఫ్ చిన్న వ్యాపారులను లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి, తిరిగి చెల్లించనవసరం లేని పెట్టుబడి ఇచ్చి ఫలితాలను పరిశీలించారు. పురుషుల వ్యాపారాలలో లాభం బాగా పెరిగింది, స్త్రీల వ్యాపారాలలో సగటున పెరుగుదల కనిపించలేదు. 2009లో ఈ ఫలితం వెలువడిన తరువాత, స్త్రీలకు పెట్టుబడి ఇవ్వడం వల్ల ప్రయోజనం ఉందా అన్న సందేహం చాలామందికి కలిగింది. పదేళ్ల తరువాత, 2019లో, అరియెల్ బెర్న్‌హార్ట్, ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండే, నటాలియా రిగోల్ భారత్, శ్రీలంక, ఘనా దేశాల సమాచారాన్ని ఒక్కొక్క వ్యాపారం లెక్కగా కాక మొత్తం ఇంటి లెక్కగా మళ్లీ పరిశీలించారు. స్త్రీకి ఇచ్చిన సొమ్ములో చెప్పుకోదగ్గ భాగం భర్త వ్యాపారంలోకి వెళుతోందని అప్పుడు బయటపడింది. ఇంట్లో ఆమెది ఒక్కటే వ్యాపారమైనచోట పెట్టుబడి మీద వచ్చిన ప్రతిఫలం పురుషుల వ్యాపారాలకు తీసిపోలేదు. ఆమె చేతికి వచ్చిన డబ్బు ఆమె వ్యాపారంలో నిలవనప్పుడు, ఆ వ్యాపారం పెరగలేదని ఆమెను తప్పుపట్టడం ఎంతవరకు సరైనదో మీరే ఆలోచించండి.

ఇద్దరూ కలిసి నిర్ణయించుకుని సొమ్మును మీ వ్యాపారంలో పెట్టడం తప్పేమీ కాదు, ఒక్కొక్కప్పుడు కుటుంబానికి అదే మేలు కావచ్చు. కాని దానిని నిర్ణయంగా చేయండి, అలవాటుగా జరగనివ్వకండి. గతంలో ఆమె పేరున తెచ్చిన రుణాన్ని ఆమె మీకు ఇచ్చిన అప్పుగా మీ పద్దులో రాసి, తిరిగి చెల్లించే గడువు పెట్టండి. రెండు వ్యాపారాలకూ విడివిడి ఖాతాలు ఉంచండి. ఇప్పుడున్న సొమ్ములో కొంత భాగాన్ని ఒక ఏడాది పాటు ఆమె వ్యాపారంలోనే కదలకుండా ఉంచి, ఎక్కడ ఎంత పెట్టాలో ఆమెనే తేల్చుకోనిచ్చి, ఏడాది తరువాత రెండు పద్దులూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మీ శ్రీమతి ఏమనుకుంటున్నారో మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు. ముందుగా ఆమెను అడగవలసిందిగా కోరుతున్నాను.

ప్రశ్న: నేను మంచి ఉద్యోగంలో ఉన్నాను, సంతృప్తిగా ఉన్నాను. కాని "మగవాడివై ఉండి ఎన్నాళ్లు ఒకరి కింద పనిచేస్తావు? తెగించు" అని స్నేహితులు, బంధువులు ఒత్తిడి చేస్తున్నారు. వద్దంటే చేతకానివాడిననుకుంటారేమోనని భయంగా ఉంది.
(ఒక ఉద్యోగి)

జవాబు: మొదటి ఉత్తరం రాసిన పాఠకురాలిని ఆపుతున్న ఊహే మిమ్మల్ని తోస్తోంది. వ్యాపారి అంటే మగతనం అనుకునేచోట, వ్యాపారం వద్దనుకునే పురుషుడు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. ఆ తోపుకు లొంగితే నష్టం ఉంటుంది. వ్యాపార ప్రారంభానికి సంబంధించినది కాకపోయినా, బ్రాడ్ బార్బర్, టెరన్స్ ఓడీన్ 2001లో ప్రచురించిన అధ్యయనాన్ని ఇక్కడ గుర్తుచేస్తాను. అమెరికాలో షేర్ల ఖాతాలున్న వేలాది కుటుంబాల లావాదేవీలను పరిశీలిస్తే, పురుషులు స్త్రీల కన్నా 45 శాతం ఎక్కువగా కొనుగోళ్లు, అమ్మకాలు చేశారు, ఆ అతివిశ్వాసం వల్ల తమ రాబడిని స్త్రీల కన్నా ఎక్కువగా తగ్గించుకున్నారు. మీకు చేయాలనిపించిన వ్యాపారం ఏదైనా ఉంటే తప్ప, ఒకరికి నిరూపించడం కోసం ఉద్యోగం వదలకండి. "నాకు ఈ పని ఇష్టం" అని ఒక్కసారి స్థిరంగా చెప్పండి.

ప్రశ్న: నేను విద్యుత్ పరికరాల మరమ్మతు నేర్చుకున్నాను. వ్యాపారం పెట్టుకుంటానంటే, "ఆడవాళ్లకు అనువైన పని ఏదైనా చూసుకో" అంటున్నారు. అది సురక్షితమైన దారేనా?
(ఒక పాఠకురాలు)

జవాబు: చూడటానికి సురక్షితంగా కనిపిస్తుంది. కాని అనువైనవని చెప్పే కొద్దిపాటి పనులలోకే అందరూ చేరడం వల్ల అక్కడ పోటీ ఎక్కువ, రాబడి తక్కువ. ఉగాండాలో జరిగిన ప్రపంచ బ్యాంకు అధ్యయనంలో, లోహపు పని, విద్యుత్ పని వంటి పురుషుల రంగాలలోకి వెళ్లిన స్త్రీలు అక్కడి పురుషులతో సమానంగా, స్త్రీల రంగాలలోనే ఉండిపోయిన స్త్రీల కన్నా సుమారు మూడు రెట్లు సంపాదిస్తున్నట్లు తేలింది. వారు అటు వెళ్లడానికి చదువు గాని, ప్రత్యేకమైన ధైర్యం గాని ప్రధాన కారణం కాలేదు. ఆ పనిలో ఉన్న తండ్రో, బంధువో, స్నేహితుడో చేయిపట్టి పరిచయం చేయడమే ప్రధానంగా తోడ్పడింది. ఎక్కువమంది స్త్రీలకు తమ రంగంలో రాబడి తక్కువని తెలియనే తెలియదు. కాబట్టి మీకు పని నేర్పినవారినే మరికొంతకాలం తోడుగా ఉండమని అడగండి. సరుకు ఎక్కడ కొనాలి, ఏ పనికి ఎంత తీసుకోవాలి, మొదటి ఖాతాదారులు ఎలా వస్తారు అన్నవి వారి నుంచే తెలుసుకోవలసిన సంగతులు. ముందుకే వెళ్లండి.

ప్రశ్న: వ్యాపార రుణానికి ఒక రుణసంస్థను అడిగితే, నా ఆదాయపత్రాలు చూడకముందే "మీవారి సంతకం కావాలి" అన్నారు. ఇది నియమమా?
(ఒక పాఠకురాలు)

జవాబు: ఒకప్పుడు చాలా దేశాలలో అది చట్టమే. ఫ్రాన్స్‌లో వివాహిత స్త్రీ భర్త అనుమతి లేకుండా తన పేరున బ్యాంకు ఖాతా తెరిచే హక్కు 1965లో వచ్చింది. అమెరికాలో రుణాల విషయంలో స్త్రీపురుష భేదం చూపకూడదని 1974లో చట్టం చేశారు, వ్యాపార రుణాలకు పురుష బంధువు సంతకం కోరే రాష్ట్రచట్టాలు మాత్రం 1988 వరకు అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. చట్టాలు మారిన తరువాత కూడా బల్ల అవతల కూర్చున్నవారి అలవాటు మారడానికి ఎక్కువ కాలం పడుతోంది.

పూచీదారు కావాలని రుణసంస్థ అడగడం దానంతట అది వివక్ష కాదు. పురుషుడు అదే మొత్తం అడిగినా పూచీ కోరుతారా, పూచీదారు భర్తే కావాలా లేక ఆదాయం ఉన్న మరెవరైనా సరిపోతారా అన్నది తేలాలి. ఈ రెండు ప్రశ్నలనూ లిఖితపూర్వకంగా అడిగి, లిఖితపూర్వకంగా జవాబు కోరండి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబులో కారణం కనిపించకపోయినా, ఆ సంస్థ ఫిర్యాదుల విభాగానికి అదే కాగితాన్ని జతచేసి పంపండి. ఈలోగా మరో రెండు సంస్థలలో దరఖాస్తు చేయండి. మీవారి సంతకంతోనే రుణం తీసుకోవాలని మీరిద్దరూ నిర్ణయించుకుంటే, ఆయన పూచీదారుగా సంతకం చేస్తున్నారా, సహరుణగ్రహీతగా చేస్తున్నారా అన్నది పత్రంలో చదివి చూసుకోండి. రెండవదైతే రుణం ఇద్దరి పేరున నమోదవుతుంది, అప్పుడు రుణపు సొమ్ము ఎవరి ఖాతాలో జమ కావాలో కూడా అదే పత్రంలో స్పష్టంగా రాయించుకోండి.